హెపారిన్ వేశాక తీసిన రక్తం

మా వీధి చివరింటి అమ్మాయి డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతోంది. మొన్న స్వీట్ల పెట్టె పట్టుకొచ్చి, "అంకుల్, ముప్పై ఏళ్ళు చేశారు కదా, నాకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అంది. చేతులు శుభ్రంగా కడుక్కోమ్మా, పేషెంటుని పేరు పెట్టి పలకరించమ్మా అని నోటికొచ్చినవేవో చెప్పి పంపించేశాను. ఆ పిల్ల గేటు దాటగానే నా మీద నాకే ఒళ్ళు మండింది. చెప్పవలసింది ఒక్కటుంది. అది చెప్పకుండా నీతులు చెప్పాను.

అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో ఉండవు. నేను చేసిన ఒక వెధవపని ఉంటుంది. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, మీరు మాత్రం అలా చెయ్యకండి.

చెయ్యి మంచిదన్న పేరు

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్లో నా ఉద్యోగమంతా గడిచింది. కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవాళ్ళ రక్తాన్ని బయటికి తెచ్చి, మిషన్లో కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపించడం మా పని. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు. రక్తం పైపుల్లో గడ్డకట్టకుండా మొదట్లోనే హెపారిన్ అనే మందు వేస్తాం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

నాకు పని నేర్పిన కృష్ణమూర్తి గారు మహా కోపిష్టి. సూది గుచ్చినప్పుడు పేషెంటు "అబ్బా" అంటే పేషెంటుని ఏమీ అనేవారు కాదు, మన వైపు చూసేవారు. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయం. కొత్తలో ఒకరోజు బద్ధకించి, ఒకాయన బరువు తూచకుండానే మొన్నటి అంకె వేసేశాను. కృష్ణమూర్తి గారు ఆయన్ని త్రాసెక్కించారు. రెండున్నర కిలోలు తేడా ఉంది. "ఒరే సత్యం, ఆ రెండున్నర కిలోల నీళ్ళు ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. నువ్వు రాసింది అంకె అనుకుంటున్నావు" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. కానీ మనిషి బుద్ధి కదా, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ భయం అరిగిపోయింది.

భయం పోయిన చోట గర్వం చేరింది. "సత్యం గారి చెయ్యి పడితే నొప్పే తెలీదండి" అని పేషెంట్లు అనేవారు. నేను సెలవు పెడితే కొందరు డయాలసిస్ రోజు మార్చుకునేవారు. డాక్టర్లు మారుతుంటారు, మిషన్లు మారుతుంటాయి, నేను మాత్రం అక్కడే ఉంటాను. దాంతో యూనిట్ నాదే అనుకున్నాను. కొత్త కాగితం ఏదొచ్చినా, 'మనకి తెలియందా' అని చదవకుండా సొరుగులో పడేసే స్థితికి వచ్చాను.

ఒకటో నంబరు బెడ్

దేవదానం మాస్టారిది రామచంద్రపురం పక్క పల్లెటూరు. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. లూథరన్ చర్చి సంఘంలో పెద్ద. ఆయనా, భార్య సుగుణమ్మ గారూ మొదటి బస్సుకి వచ్చేవారు. అందరికంటే ముందొచ్చేవారు కాబట్టి ఒకటో నంబరు బెడ్ ఆయనదే.

సూదులున్న చెయ్యి కదపకూడదు. అందుకని సుగుణమ్మ గారు పేపరు పట్టుకుని పేజీలు తిప్పుతుంటే, ఆయన గదిలో అందరికీ వినపడేలా చదివేవారు. చదువుతూ మధ్యలో ఆగి, "ఈ వాక్యం రాసినవాణ్ణి గోడకుర్చీ వేయించాలి" అనేవారు. ఆరు బెడ్లూ నవ్వేవి. డయాలసిస్ గదిలో నవ్వు వినిపించడం ఎంత అరుదో అందులో పనిచేస్తే గానీ తెలియదు.

తిండి దగ్గర మాత్రం మాస్టారు పసిపిల్లాడే. బొమ్మిడాయి చేపల పులుసంటే ప్రాణం. చెప్పిన కొలత దాటకుండా సుగుణమ్మ గారు వండి పెట్టేవారు. డయాలసిస్ పేషెంటు కండ కరిగిపోకుండా ఉండాలంటే చేపా, గుడ్డూ తగుమాత్రం తినాలి. అది మేమే చెప్పాం.

"మా ఆవిడ కొలిచి పెడుతుందండి సత్యం గారూ. రెండు ముక్కలు. మూడోది అడిగితే బైబిలు వాక్యం చెబుతుంది" అనేవారాయన.

"ఆయ్, చెప్పకపోతే గిన్నె ఖాళీ చేసేస్తారండి అన్నయ్యగారూ" అనేవారావిడ. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేవారు.

నేను చదవని కాగితం

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు మా యూనిట్‌కి కొత్త డాక్టరమ్మ వచ్చారు. చురుకైన మనిషి, పేషెంట్లంటే ప్రేమున్న మనిషి. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి కిడ్నీ కంటే ముందు గుండె ఎందుకు ఆగిపోతోందన్నది ఆవిడ బెంగ. రక్తంలో విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే గుండెకి మంచిది కాదని, మన పేషెంట్లలో అవి ఎంతున్నాయో చూద్దామని ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టారు. రక్తం మేము తీయాలి, పరీక్ష వేరే ఊళ్ళో పెద్ద ల్యాబ్‌లో జరుగుతుంది. ఎలా తీయాలో రెండు పేజీల కాగితం నా చేతికిచ్చారు.

"చదివి సంతకం పెట్టండి సత్యం గారూ" అన్నారు.

సంతకం పెట్టాను. చదవలేదు.

ఆ కాగితంలో ఏముందో తర్వాత చూశాను కాబట్టి ఇప్పుడు చెబుతాను. ఖాళీ కడుపుతో, సూది గుచ్చగానే, హెపారిన్ వేయకముందే రక్తం తీయాలి. తీసిన గొట్టాన్ని వెంటనే ఐసులో పెట్టాలి. ఎందుకంటే హెపారిన్ ఒంట్లోకి వెళ్ళిన కాసేపటికే రక్తంలో ఉన్న కొవ్వు విరిగి, ఈ ఆమ్లాలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. గొట్టం బయట వేడిలో ఉంటే అందులో కూడా పెరుగుతూనే ఉంటాయి. అంటే మనిషి ఏం తిన్నాడన్న దానితో పనిలేదు, మనం వేసిన మందే అంకెని పెంచేస్తుంది.

నేనేం చేశానంటే, అలవాటు ప్రకారం ముందు ఆరుగురికీ సూదులు పెట్టి, హెపారిన్ వేసి, మిషన్లు తిప్పేశాను. ఆ తర్వాత తీరిగ్గా ట్రే పట్టుకుని ఒకటో బెడ్ నుంచి ఆరో బెడ్ దాకా పైపుల్లోంచి రక్తం తీసుకుంటూ వెళ్ళాను. అన్ని గొట్టాలకీ ఒకేసారి పేర్లు అంటించి, టిఫిన్ చేసి వచ్చి అప్పుడు ఐసులో పెట్టాను. పేషెంట్లని ఎక్కువసేపు కాయించకూడదని అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు సుళువని చేశాను. ఒక్కొక్కరి దగ్గర ఆగి, తీసి, ఐసులో పెట్టి, మళ్ళీ వెళ్ళడం విసుగని చేశాను.

ఒకటో బెడ్ గొట్టం అందరికంటే ఎక్కువసేపు ట్రేలో ఉండిపోయేది. అది మాస్టారిది.

"ఏం పెడుతున్నారమ్మా?"

రిపోర్టులొచ్చాయి. అందరివీ ఎక్కువే ఉన్నాయి, మాస్టారిది మరీ ఎక్కువ. డాక్టరమ్మ కంగారుపడ్డారు. సుగుణమ్మ గారిని పిలిచి, నా ఎదురుగానే అడిగారు.

"ఏం పెడుతున్నారమ్మా ఆయనకి? నూనె ఎంత వాడుతున్నారు?"

"మీరు చెప్పినట్టేనండి. కొలిచే పోస్తానండి."

"కొలిస్తే ఇంత రాదమ్మా. ఈ అంకె చూడండి. ఇలాగే ఉంటే ఆయన గుండెకి ప్రమాదం. నిజం చెప్పండి, వేపుళ్ళు పెడుతున్నారా?"

"ప్రభువు సాక్షి అండి, పెట్టడం లేదండి" అన్నారావిడ. అంటూ నా వైపు చూశారు, అన్నయ్యగారు ఒక్క మాట సాయమొస్తారేమోనని. నేను బీపీ మిషను పట్టీ మడతపెడుతూ నిలబడ్డాను. పైగా నాకూ అనుమానమే. 'ఆడవాళ్ళు మొగుడు అడిగితే కాదనలేరులే' అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

మాస్టారు మొహం మాడ్చుకుని, "ఏంటే సుగుణా, నాకు తెలీకుండా ఏం పోసి వండుతున్నావే?" అన్నారు. నలుగురిలో అన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చేతిసంచీలో ఉన్న టిఫిన్ డబ్బా మూత గట్టిగా బిగించి, బయటికెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు పేపరు ఎవరూ చదవలేదు.

రెండోసారి, నోటితో

అంతవరకే అయితే అది పొరపాటు. దాన్ని పాపంగా మార్చింది ఆ తర్వాత నేనన్న ఒక్క మాట.

కొన్ని వారాలకి ల్యాబ్ నుంచి డాక్టరమ్మకి ఉత్తరం వచ్చింది. ఈ అంకెలు హెపారిన్ తర్వాత తీసిన రక్తానివిలా ఉన్నాయి, ఒకసారి సరిచూసుకోండని. ఆవిడ ఆ కాగితం పట్టుకుని యూనిట్‌లోకి వచ్చారు. ఇద్దరు నర్సులూ, ఆరుగురు పేషెంట్లూ ఉన్నారు.

"సత్యం గారూ, బ్లడ్ హెపారిన్‌కి ముందే తీస్తున్నాం కదా?"

అప్పటికీ ఆ ప్రశ్నలో ఏముందో నాకు పూర్తిగా తెలియదు. కానీ నేను చేస్తున్నది ఆవిడ అడుగుతున్నది కాదని మాత్రం ఠక్కున అర్థమైంది. ఇన్నేళ్ళ సీనియర్ని, అందరి ముందూ, నా కూతురి వయసున్న డాక్టరు దగ్గర...

"అవునండి, ముందేనండి" అన్నాను.

ఆవిడ నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, సత్యం గారు చెప్పాక?

ఆ సాయంత్రం సొరుగులోంచి ఆ రెండు పేజీలూ తీసి చదివాను. మొదటి పేజీలోనే ఉంది, లావుపాటి అక్షరాల్లో. మర్నాటి నుంచి నిబంధన ప్రకారం తీయడం మొదలుపెట్టాను. హెపారిన్‌కి ముందు, ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వెంటనే ఐసులో. ఇక సరిదిద్దేశాను కదా, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. దొంగతనం చేసినవాడు రేపటి నుంచి మానేస్తే చాలని అనుకున్నట్టు.

పథ్యం పనిచేసిందట

మూడు నెలల తర్వాత రెండో విడత రిపోర్టులొచ్చాయి. సరిగ్గా తీసిన రక్తం కదా, అంకెలు సగానికి సగం పడిపోయాయి. మాస్టారిది అందరికంటే ఎక్కువ తగ్గింది.

డాక్టరమ్మ ఆనందం చూడాలి. "చూశారా మాస్టారూ! డైట్ ఎంత పనిచేసిందో! సుగుణమ్మ గారూ, మీరు గట్టివారండి. ఇలాగే కంటిన్యూ చెయ్యండి" అన్నారు.

సుగుణమ్మ గారు చేతులు జోడించారు. మాస్టారు భార్య వైపు చూసి, "అదీ మరి! ముందే ఇలా వండి ఉంటే నాకు మాట వచ్చేది కాదుగా" అన్నారు. అంటే ముందు తప్పు చేసిందని ఆవిడ మీద ముద్ర పడిపోయింది. ముద్ర వేసింది నేను. వేసినవాణ్ణి పక్కనే నిలబడి మిషను తెర మీద అంకెలు రాసుకుంటున్నాను.

మొదటి రిపోర్టులొచ్చిన రోజు నూనె తగ్గించమన్నారు డాక్టరమ్మ, అంతే. భయపడ్డ మనిషికి తగ్గించడం అంటే ఎంతో తెలియదు. సుగుణమ్మ గారు నూనెతోపాటు చేప మానిపించారు, గుడ్డు మానిపించారు, పాలు నీళ్ళలా చేశారు. ఉడకబెట్టిన సొరకాయా, బీరకాయా, మెతుకులూ. మాస్టారు అలాగే తిన్నారు. చూస్తుండగా చొక్కా వదులైంది, బుగ్గలు లోపలికిపోయాయి. పేపరు నాలుగు లైన్లు చదివి అలసిపోయేవారు.

ఇక్కడ ఒక పనిమాట చెబుతాను, గుర్తుంచుకోండి. అదనపు నీరు తీసేశాక పేషెంటు ఉండవలసిన బరువుని డ్రై వెయిట్ అంటాం. మనిషి కండ తగ్గినప్పుడు ఆ డ్రై వెయిట్ కూడా తగ్గించి రాయాలి. రాయకపోతే కండ పోయిన చోటల్లా నీరు చేరుతుంది, త్రాసు మాత్రం అంతా బాగుందంటుంది. మాస్టారి పాదాలు ఉబ్బుతుంటే డాక్టరమ్మకి చెప్పాను, ఆవిడ సరిచేశారు. "ఎందుకింత చిక్కిపోతున్నారు సత్యం గారూ?" అని అడిగారు కూడా.

"వయసు కదండీ" అన్నాను.

అన్నానండీ. ఆ మాట నా నోటితోనే అన్నాను.

ఒకరోజు సుగుణమ్మ గారు నన్ను వరండాలోకి పిలిచి, "అన్నయ్యగారూ, పులుసు పులుసు అని కలవరిస్తున్నారండి. ఒక్కపూట రెండు బొమ్మిడాయిలు పెట్టనాండి? మీరు పెట్టమంటే పెడతానండి" అన్నారు. పెట్టమ్మా అనడానికి ఎంతసేపు? కానీ తర్వాతి రిపోర్టులో అంకె ఏ కాస్త పెరిగినా మళ్ళీ ప్రశ్నలొస్తాయి, మళ్ళీ ఆ ఉత్తరం బయటికొస్తుంది.

"మేడమ్‌ని అడగండమ్మా" అన్నాను.

ఆవిడ అడగలేదు. మళ్ళీ మాట పడటం ఇష్టంలేక అడగలేదు. ఆ రిపోర్టుల తర్వాత నాలుగు నెలలకి మాస్టారు తెల్లవారుజామున ఇంట్లో, బస్సుకి బయల్దేరబోతూ, గుండె ఆగి పోయారు.

ఆ అంకే ఆయన్ని చంపిందని నేను చెప్పలేను. డయాలసిస్‌లో ఉన్న గుండె ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. అన్నీ తిన్నా పోయేవారేమో. కానీ చివరి నెలల్లో ఆయన నోటి దగ్గర కూడు లాగేసింది నేను. దాన్ని ఏ డాక్టరూ కాదనలేడు.

సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. మాస్టారి అక్కగారు అందరూ వింటుండగా, "డాక్టరు వద్దన్నా దొంగచాటుగా నూనెలు పోసి పెట్టిందంట. రిపోర్టులో పడిందంట. చివర్లో మానితే ఏం లాభం?" అని ఏడ్చారు. సుగుణమ్మ గారు తలొంచుకుని విన్నారు. నేనూ విన్నాను. విని, వాళ్ళు పెట్టిన టీ తాగి వచ్చేశాను.

కూడిక

ఆ తర్వాత కొద్ది నెలలకే రిటైరయ్యాను. శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. "నా సర్వీసులో ఒక్క మచ్చ లేదు" అని నేననలేదు గానీ, ఇంకొకాయన నా గురించి అంటే చప్పట్లు కొడుతుంటే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఆ శాలువా మా ఆవిడకిచ్చి బీరువా అడుగున పడెయ్యమన్నాను. ఆవిడకీ ఎందుకో చెప్పలేదు.

కొన్ని నెలలు లోపలే మోసి, ఇక మోయలేక, ముందు డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికి వేరే ఊరు వెళ్ళిపోయారు. అంతా విన్నారు. "ఆ పరిశోధన మీద నేను అచ్చుకి పంపిన పేపరు వెనక్కి తీసుకోవాలి సత్యం గారూ" అన్నారు. తర్వాత, "ఆవిణ్ణి అందరిలో నిలబెట్టి అడిగాను కదండీ నేను" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత సుగుణమ్మ గారి ఊరు వెళ్ళాను. మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, "మంచి టైముకి వచ్చారండి. వచ్చే ఆదివారం మాస్టారి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను" అన్నారు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. హెపారిన్ సంగతి, కాగితం సంగతి, నేనాడిన అబద్ధం, అన్నీ. ఆవిడకి అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాను.

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి విన్నారు.

"అయితే నా వంటలో తప్పు లేదాండి?"

"లేదమ్మా. ఏనాడూ లేదు."

"నాకు చెప్పారు, బాగానే ఉంది. మా వాళ్ళకెవరు చెబుతారండి? ఆదివారం రండి. వచ్చి అక్కడ చెప్పండి."

వస్తానన్నాను. ఆ వారమంతా జ్వరమొస్తే బాగుండునని కోరుకున్నాను. రాలేదు. ఆదివారం బస్సెక్కాను.

ఇంటి ముందు షామియానా వేశారు. పాటలు పాడారు, వాక్యం చదివారు. మాస్టారి గురించి తెలిసినవాళ్ళు రెండేసి మాటలు చెప్పారు. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, "మాస్టారికి చివరిదాకా సేవచేసిన సహోదరుడు" అని పరిచయం చేశారు. మైకు పట్టుకున్నాను. మాస్టారు పేపరు చదవడం గురించి చెప్పాను, అందరూ నవ్వారు. ఆ నవ్వు వినగానే మళ్ళీ మంచివాణ్ణైపోవాలనిపించింది.

"మాస్టారి రిపోర్టుల్లో ఆసుపత్రి వైపు నుంచి చిన్న పొరపాటు జరిగిందండి. సుగుణమ్మ గారి తప్పేమీ లేదు" అని గబగబా అనేసి మైకు తిరిగిచ్చేయబోయాను.

ఆడవాళ్ళు కూర్చున్న వైపు సుగుణమ్మ గారు లేచి నిలబడ్డారు.

"ఎవరు చేశారండి ఆ పొరపాటు?"

ఆవిడ ఈసారి అన్నయ్యగారూ అనలేదు.

"నేనేనమ్మా" అన్నాను. "రక్తం తీయాల్సినట్టు తీయలేదు. అడిగితే అబద్ధం చెప్పాను. ఆవిడ కొలిచే వండారు. ఆయన్ని పస్తు పెట్టించింది నేను."

మాస్టారి అక్కగారు ముందు వరసలో ఉన్నారు. సుగుణమ్మ గారు ఆవిడ వైపు తిరిగారు.

"విన్నారా వదినా? నేనేం పెట్టలేదు" అన్నారు. తర్వాత మాస్టారి ఫోటో వైపు తిరిగారు.

"ఆయన అడిగినా పెట్టలేదు."